నీటి దారి ముందు, రోడ్డు తర్వాత
(హనుమకొండలో కాలనీ సంఘాలు, వార్డు కమిటీల సభ్యులు, మేస్త్రీల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పొద్దున్నే ఇంతమంది వచ్చారు. అందులో మేస్త్రీలు, పారిశుధ్య కార్మికులు కూడా ఉన్నారు. అందుకని ఉపోద్ఘాతం లేకుండా పనిలోకి వస్తాను.

మనం కాలనీ వేసే వరుస ఏమిటి? ముందు ప్లాట్లు, తర్వాత రోడ్డు, ఆ తర్వాత మోరీ. చివర మిగిలిన మూలలో పార్కు. నీళ్లు ఎటు పోవాలన్నది ఎవరూ గీయరు. చివరికి అవే వాటి దారి వెతుక్కుని మన హాల్లోకి వస్తాయి. ఈ వరుస తిరగబడాలి. ముందు నీటి దారి, తర్వాత మట్టి, నీడ, ఆ తర్వాతే రోడ్డు, ఇల్లు. ఇదంతా అక్కడ బతికే మనుషులు ప్లాన్ గీయకముందే కూర్చుని తేల్చుకోవాలి. గీసి తెచ్చిన కాగితం మీద సంతకం పెడితే అది కలిసి చేసిన ప్లాన్ కాదు.

2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో హంటర్ రోడ్డు వైపు కాలనీలు ఎలా మునిగాయో మీలో చాలామంది చూశారు. ఆ 2023 జులైలోనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అంత వానకు కాలనీ డిజైన్ ఏదీ ఆగదు. అప్పుడు కావాల్సింది ముందస్తు హెచ్చరిక, మనుషుల్ని తరలించే ఏర్పాటు. మనం ఇక్కడ మాట్లాడుకునేది గంటా రెండు గంటల్లో పడే 50 మిల్లీమీటర్ల వాన గురించి. ఏటా వచ్చే ఆ వానకు కూడా మోకాళ్లలోతు నీళ్లు నిలిచే గల్లీలు మనకు బోలెడన్ని ఉన్నాయి. వాటిని బాగు చేసుకోవచ్చు, అదీ మన చేతిలో పనే.

వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడూ చెరువుల మధ్య పెరిగిన ఊళ్లు. వడ్డేపల్లి చెరువు, భద్రకాళి చెరువు, వాటి చుట్టూ కుంటలు. కాకతీయుల కాలం నుంచి వచ్చిన గొలుసుకట్టు అంటే ఇదే: పై చెరువు నిండి మత్తడి దూకితే, ఆ నీళ్లు ఒర్రె పట్టుకుని కింది చెరువులోకి పోతాయి. గొలుసులో ముఖ్యమైనది చెరువు ఒక్కటే కాదు, రెండు చెరువుల మధ్య ఒర్రె కూడా. చెరువు కళ్లకు కనబడుతుంది కాబట్టి దాని గురించి ధర్నా చేస్తాం. ఎండాకాలంలో ఒర్రె ఖాళీ జాగాలాగే ఉంటుంది కాబట్టి అది ప్లాటు అయిపోతుంది. నయీంనగర్ నాలా, బొందివాగు పొంగినప్పుడల్లా మనకు గుర్తుకు రావాల్సింది ఇదే: పైన ఎన్ని ఒర్రెలు పూడితే కింద నాలాలో అంత వేగంగా, అంత ఎత్తున నీళ్లు వస్తాయి.

చట్టం ఏమంటుందో అంకెల్లో చెప్తాను, రాసుకోండి. 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు దాటిన చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత నుంచి, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే అంచు నుంచి, 30 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టని ఖాళీ జాగా, వదలాలి. అంతకన్నా చిన్న కుంటకు 9 మీటర్లు. పది మీటర్ల కన్నా వెడల్పైన నాలాకు అంచు నుంచి 9 మీటర్లు, చిన్న నాలాకు 2 మీటర్లు. ప్లాటు కొనేవాళ్లు రిజిస్ట్రేషన్ కాగితం ఒక్కటే చూస్తారు. సర్వే నంబరు తీసుకుని గ్రామ నక్షాలో శిఖం, అంటే చెరువు మునక భూమి, ఉందా, ఒర్రె గీత ఉందా చూడండి. నక్షాలో వంకర టింకరగా పోయే సన్నని జోడు గీతలు ఉంటాయి, అవే దారీ కావచ్చు, ఒర్రే కావచ్చు. ఊళ్లో చెరువు నీళ్లు వదిలే పని చేసిన పాత నీరటి కుటుంబాన్ని అడిగితే అయిదు నిమిషాల్లో తేలుతుంది.

ఇప్పుడు మన గల్లీకి వద్దాం. మొట్టమొదటి పని లెవల్ పైపుతో మొదలవుతుంది. మేస్త్రీల దగ్గర ఉండే అర అంగుళం తెల్ల ప్లాస్టిక్ పైపు, ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి అందేంత పొడవుది కావాలి. ఒక కొస బకెట్లో ముంచి నోటితో పీల్చి నీళ్లు నింపండి. లోపల గాలి బుడగ ఒక్కటున్నా లెక్క తప్పుతుంది. అందుకే నింపాక రెండు కొసలూ పక్కపక్కన పట్టి నీళ్లు ఒకే ఎత్తున నిలిచాయో లేదో చూడండి. నిలవకపోతే పైపును విదిలించి బుడగ పైకి తేవాలి. ఎండలో కనబడేందుకు నీళ్లలో చిటికెడు కుంకుమ కలపండి. తర్వాత ఒక కొస మొదటి కరెంటు స్తంభం దగ్గర, రెండో కొస తర్వాతి స్తంభం దగ్గర. నీళ్లు నిలిచిన చోట రెండు స్తంభాల మీదా పెయింటుతో గీత. అక్కడి నుంచి మూడో స్తంభానికి, అలా గల్లీ చివరి దాకా. ఆ గీత అంతటా ఒకే ఎత్తు. గీత నుంచి రోడ్డు ఎంత కిందకు ఉందో, మోరీ అడుగు ఎంత కిందకు ఉందో, ప్రతి ఇంటి గడప ఎంత కిందకు ఉందో టేపుతో కొలిచి ఒక నోటుబుక్కులో రాయండి. ఇద్దరు పట్టుకునేవాళ్లు, ఒకరు రాసేవాళ్లు ఉంటే 300 అడుగుల గల్లీ ఒక పూటలో అయిపోతుంది.

ఈ నోటుబుక్కు తెరిస్తే గొడవలు సగం తగ్గుతాయి. "మా ఇంటి ముందు నీళ్లు పక్కవాళ్ల వల్లే నిలుస్తున్నాయి" అన్న మాటకు బదులు, మోరీ ఏడో ఇంటి దగ్గర మూడు అంగుళాలు ఎదురు ఎక్కిందని అంకె కనబడుతుంది. మోరీకి వాలు కనీసం 200 అడుగులకు ఒక అడుగు ఉండాలి. అంతకన్నా తక్కువైతే ఇసుక, మట్టి కదలవు, నెల తిరిగేసరికి పూడుతుంది.

ఇక లెక్క. రోజంతా వేరే సంగతులు మాట్లాడి దీన్ని వదిలేస్తాం, అందుకే దీని మీద కాస్త ఆగుతాను. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 300 అడుగుల పొడవు, 30 అడుగుల రోడ్డు ఉన్న గల్లీ తీసుకోండి. రెండు వైపులా 30కి 60 ప్లాట్లు, అంటే 200 గజాలవి, పదేసి చొప్పున ఇరవై. ఒక్కో ఇంటి స్లాబు 1200 చదరపు అడుగులు. అంటే స్లాబులన్నీ కలిపి సుమారు 2230 చదరపు మీటర్లు, రోడ్డు 836. వీటి మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే, తడిసి ఆరిపోయేది పదో వంతు తీసేసినా, లక్షా 38 వేల లీటర్లు పారుతుంది. 5 వేల లీటర్ల ట్యాంకర్లు దాదాపు 28. ఒకటి రెండు గంటల్లో 28 ట్యాంకర్లు ఒకే గల్లీలో వదిలినట్టు.

దీనికి అందరూ చెప్పే మందు ఇంకుడుగుంత. 5 అడుగుల పొడవు, 5 వెడల్పు, 6 లోతు గుంత అంటే 150 ఘనపుటడుగులు. కానీ అందులో కంకర ఉంటుంది. నీళ్లకు దొరికేది రాళ్ల మధ్య సందు మాత్రమే, అది సుమారు 40 శాతం. అంటే ఒక గుంతలో ఒకేసారి పట్టేది 1700 లీటర్లు. అలాంటివి పది తవ్వితే 17 వేలు. మొత్తం నీళ్లలో ఎనిమిదో వంతు. వాన పడుతుండగా కొంత ఇంకుతుంది కాబట్టి నిజంగా ఇంకొంచెం ఎక్కువే తీసుకుంటుంది, అయినా గుంతలతోనే వరద ఆగుతుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. గుంత చేసే మేలు వేరే. బోరుకు ఊటనిస్తుంది, మామూలు వానల్లో రోడ్డు మీదకు నీళ్లు రానివ్వదు. అందుకు తవ్వాలి.

ఎక్కడ తవ్వాలన్నది మట్టి చెప్తుంది. అడుగు వెడల్పు, మూడు అడుగుల లోతు చిన్న గుంత తీసి ముందు రోజు నీళ్లు నింపి నానబెట్టండి. మర్నాడు మళ్లీ అడుగు ఎత్తు నీళ్లు పోసి, గంటలో ఎంత దిగిందో స్కేలు పెట్టి చూడండి. ఒక అంగుళం, అంతకన్నా ఎక్కువ దిగితే మంచి జాగా. ఎర్ర చెలక, దుబ్బ నేలల్లో, మొరం తగిలిన చోట సాధారణంగా దిగుతుంది. అర అంగుళం కూడా దిగకపోతే అక్కడ వద్దు. నల్లరేగడిలో ఇంటి పక్కన అసలే వద్దు. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. పునాది పక్కన తడిపొడి చేస్తే గోడలు మూలల నుంచి పగులుతాయి. మంచి నేలలో కూడా పునాదికి పది అడుగుల దూరం ఉండాలి, సెప్టిక్ ట్యాంకుకు ఇంకా దూరం. 30కి 60 ప్లాటులో ఆ దూరం దొరకదు. అందుకే ఇరవై ఇళ్లకు పది గుంతలని చెప్పాను: రెండు ఇళ్లకు కలిపి ఒకటి, రోడ్డు అంచున. ఇక్కడే పక్కింటివాళ్లతో మాట్లాడక తప్పదు.

గుంత చెడిపోయేది ఒకే కారణంతో, అది ఒండ్రు. స్లాబు మీది దుమ్ము, ఆకులు నేరుగా గుంతలో పడితే రెండు మూడు వానాకాలాల్లో కంకర సందులు మూసుకుపోతాయి. ముందు రెండడుగుల చిన్న తొట్టి కట్టండి. నీళ్లు అందులో పడి, మట్టి అడుక్కు దిగి, పైనున్న జాలీ పైపు గుండా గుంతలోకి పోవాలి. గుంతలో కింద 40 ఎంఎం కంకర మూడున్నర అడుగులు, దాని మీద 20 ఎంఎం ఒక అడుగు, పైన ప్లాస్టిక్ మెష్ పరిచి దొడ్డు ఇసుక అడుగు. ఆ మెష్ మానేస్తే ఇసుక కంకరలోకి జారిపోతుంది. బట్టలు ఉతికిన నీళ్లు, గిన్నెలు తోమిన నీళ్లు ఇందులో కలపొద్దు. సబ్బు, నూనె జిగురు ఇసుక మీద పొర కట్టేస్తాయి. ఏటా రోహిణి కార్తెలో పై ఇసుక నాలుగు అంగుళాలు గీకి కొత్తది వేయండి, తొట్టి ఎత్తిపోయండి. మృగశిర వచ్చాక మొదలుపెడితే ఆలస్యం.

మరి మిగిలిన నీళ్లు? అవి పార్కులో ఆగాలి. ఈ గల్లీ లేఅవుట్లో 4 వేల గజాల ప్లాట్లు, వెయ్యి గజాల రోడ్డు. పదో వంతు ఖాళీ జాగా అంటే 500 గజాలు. అందులో 300 గజాలు ఒక అడుగు పల్లంగా చేయండి. అంచులు నిటారుగా వద్దు, నాలుగు అడుగులకు ఒక అడుగు వాలు పెడితే పిల్లలు పరుగెత్తినా పడరు. ఆ వాలు పోగా అందులో 64 వేల లీటర్లు పడతాయి. గుంతలతో కలిపితే 81 వేలు. మోరీకి పోయేది 57 వేలే. నిలిచిన నీళ్లు ఒక పూటలో ఇంకిపోవాలి, రెండు రోజులు దాటితే అక్కడ ఏదో మూసుకుపోయిందని అర్థం. దోమ గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి ఒక్క రోజు నిలిచే నీళ్లతో మలేరియా రాదు. ఇది సభలో ప్రతి ఒక్కరూ అడుగుతారు, జవాబు సిద్ధంగా ఉంచుకోండి. రేగడి నేలైతే పల్లం అడుగున కంకర కాలువ తీసి నాలుగు అంగుళాల చిల్లుల పైపు వేసి నెమ్మదిగా నాలాలోకి వదలాలి.

మన పార్కుల్లో జరిగేది దీనికి పూర్తిగా ఎదురు. మొరం పోసి రోడ్డు కన్నా అడుగు ఎత్తు చేస్తారు, చుట్టూ గోడ కడతారు, లోపలంతా టైల్స్. పార్కులో పడ్డ వాన కూడా గల్లీలోకే వస్తుంది. గోడ ఉంటే రోడ్డు వైపు అడుగు వెడల్పు గండ్లు పెట్టండి, గండి మొదట్లో రెండు తట్టల బండరాళ్లు పరచండి, లేకపోతే నీళ్లు దూకిన చోట మట్టి కొట్టుకుపోతుంది. మిగిలిన 200 గజాలు పల్లం చేయొద్దు. వానలు ఇంకా పూర్తిగా పోని రోజుల్లోనే బతుకమ్మ వస్తుంది. ఆడవాళ్లు చుట్టూ తిరగడానికి బురద లేని చదును నేల, లైటు, బతుకమ్మను తీసుకుపోయే దారిలో మెట్లు కావాలి. పార్కు ప్లాన్ మగవాళ్లే కూర్చుని వేస్తే ఈ సంగతి కాగితం మీదకు రాదు, వాకింగ్ ట్రాక్ మాత్రం తప్పకుండా వస్తుంది. పల్లం గట్ల మీద తంగేడు, గునుగు ఉండనివ్వండి. నీళ్లు పోయకపోయినా బతుకుతాయి, తంగేడు వేరు గట్టును పట్టి ఉంచుతుంది, పూలకు బజారుకు పోవక్కర్లేదు.

సీసీ రోడ్డు గురించి కాస్త గట్టిగానే చెప్తాను. పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు పోయడం వల్ల ప్రతిసారీ నాలుగు నుంచి ఆరు అంగుళాలు లేస్తుంది. మూడుసార్లు పోస్తే అడుగు, అడుగున్నర. అప్పుడు కష్టపడి కట్టుకున్న ఇంటి గడప రోడ్డు కిందకు దిగుతుంది. ఉన్నవాళ్లు ఇల్లు కూలగొట్టి ఎత్తు చేసుకుంటారు, లేనివాళ్లు గడపలో ఇటుకలు అడ్డం పెట్టుకుని బతుకుతారు. ఇది పేదవాళ్ల మీద వేసే భారం, అందుకే దీన్ని సాంకేతిక విషయమని వదిలేయకూడదు. పాత కాంక్రీటు తవ్వి తీసేసి, పాత లెవల్‌కే పోయాలని ఎస్టిమేట్‌లోనే రాయించాలి. నడుమ నుంచి అంచుకు వాలు నూటికి రెండు చొప్పున, అంటే 15 అడుగులకు మూడున్నర అంగుళాలు. గోడ నుంచి గోడ దాకా పోయొద్దు, రెండు పక్కలా రెండేసి అడుగులు మట్టి వదలండి. గేట్ల ముందు ర్యాంపులు మోరీ మీద ఏకరాయిగా పోస్తే కార్మికులు పార పెట్టలేరు. రెండడుగుల వెడల్పు పలకలు, ఇనుప కొక్కేలతో లేపేలా వేయించండి. మోరీ ఎక్కడ ఎక్కువ పూడుతుందో ఆ కార్మికులకు తెలిసినంతగా ఇంజినీరుకు తెలియదు.

చెట్లు. స్తంభాలు లేని వైపు వేప, కానుగ, నేరేడు, పొగడ, 25 అడుగులకొకటి. తీగల కింద పారిజాతం, దేవగన్నేరు లాంటి పొట్టివి, లేకపోతే కరెంటువాళ్లు ఏటా తల నరుకుతారు. నీళ్లు నిలిచే చోట వేప పెట్టొద్దు, వేరు కుళ్లుతుంది, కానుగ తట్టుకుంటుంది. కోనోకార్పస్ వద్దు. మూడడుగుల గుంత, రెండు తట్టల పశువుల ఎరువు, కిలో వేపపిండి. కాంక్రీటులో నాలుగడుగుల చదరం తెరిచి ఉంచాలి. మొదటి రెండు ఎండాకాలాలు వారానికి రెండుసార్లు 20 లీటర్లు. మొక్క బతికాక దాన్ని చంపేది మనం మరిచిపోయిన ట్రీగార్డు. మూడు నాలుగేళ్లకు మాను లావెక్కి ఇనుప తీగ బెరడులోకి దిగుతుంది. మాను మొదలు దగ్గర చేతితో తడిమి చూడండి, బెరడు మీద నొక్కు కనబడితే ఆ రోజే కోసి తీసేయండి.

ఇంటి వేడి గురించి క్లుప్తంగా. రాష్ట్ర కూల్ రూఫ్ విధానం, అంటే ఎండ వేడిని వెనక్కి కొట్టే పైకప్పుల విధానం, 2023లో వచ్చింది, 600 గజాలు, ఆపైన ప్లాట్ల ఇళ్లకు తప్పనిసరి. చిన్న ఇళ్లకు తప్పనిసరి కాకపోయినా వేడి ఎక్కువ తగిలేది వాళ్లకే. మార్చిలో స్లాబు ఊడ్చి, కడిగి, తడిగా ఉండగానే సున్నం రెండు పూతలు వేయండి. సున్నం ముందు రాత్రి నానబెట్టి బట్టతో వడగట్టి, జిగురు కలపాలి. కలపకపోతే చేతికి పొడి అంటుతుంది, తొలకరికి కొట్టుకుపోతుంది. పడమటి గోడకు నీడ ఇస్తే సాయంత్రం గది చల్లబడుతుంది, గోడకు నాలుగడుగుల దూరంలో పందిరి వేసి చిక్కుడో బీరో పాకించినా చాలు.

వాడిన నీళ్లు వడకట్టడానికి, మురుగు కాలువ లేని కాలనీల్లో, మెట్టతామర మడి పెట్టుకోవచ్చు. అయిదుగురి ఇంటికి అయిదు చదరపు మీటర్ల జాగా, రెండడుగుల లోతు కంకర, ముందు జిడ్డు ఆగే తొట్టి. నీటి మట్టం కంకరకు రెండు అంగుళాలు కిందే ఉండాలి, పైకి కనబడితే దోమలు. మరుగుదొడ్డి నీళ్లు ఇందులోకి రాకూడదు.

ఇక మనుషుల్ని కూర్చోబెట్టడం. 1914 నుంచి పదేళ్లపాటు మన దేశంలో ఊరూరా నడిచిన స్కాట్లాండు ప్రణాళికావేత్త పాట్రిక్ గెడ్డెస్ ఒక మాట పట్టుబట్టి చెప్పేవాడు: ముందు సర్వే, తర్వాతే ప్లాన్. వెడల్పు రోడ్డు కోసం బస్తీలు కూలగొట్టొద్దని, పాడుబడ్డ ఇల్లు ఒకటీ అరా తీసి ఆ జాగాలో చెట్టు పెట్టినా గాలి వస్తుందని వాదించాడు. వందేళ్ల తర్వాత కూడా మనకు కావాల్సింది ఆ పద్ధతే.

సభ పనిరోజు పగలు పెట్టొద్దు, కూలికి పోయేవాళ్లు రాలేరు. ఆదివారం పొద్దున గల్లీలో నడుస్తూ పెట్టండి. నేల మీద ముగ్గుపిండితో ఇళ్లు, మోరీలు, స్తంభాలు గీయండి. కాగితం మీద ప్లాన్ చూసి మాట్లాడనివాళ్లు కూడా ముగ్గు ముందు నిలబడి "మా ఇల్లు అది కాదు, ఇదీ" అని కర్ర తీసుకుని దిద్దుతారు. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడల మీది మరక చూసి నీలం రంగు వేయండి. కిరాయికి ఉన్నవాళ్లను తప్పకుండా పిలవండి, కింది అంతస్తులో ఉండేది ఎక్కువగా వాళ్లే. ఎవరైనా వద్దంటే పేరు రాయొద్దు, కారణం రాయండి. "పార్కు పల్లం చేస్తే పాములు వస్తాయి" అంటే దానికి గడ్డి కోత, లైటు జవాబు. "మా ర్యాంపు తీస్తే బండి ఎక్కదు" అంటే లేచే పలక జవాబు. జవాబు లేని అభ్యంతరం మిగిలితే ఆ భాగం ప్లాన్ నుంచి ఆ ఏడాదికి పక్కన పెట్టండి. ఒప్పుకున్న ముక్క ముందు చేస్తే, మిగిలింది చూసి ఒప్పుకునే అవకాశం ఉంటుంది.

2019 మున్సిపల్ చట్టంలో ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు, ఒక్కోదానిలో 15 మంది: యువకులు, మహిళలు, వృద్ధులు, ప్రముఖులు. బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికి ఖర్చు పెట్టాలని కూడా అందులోనే ఉంది. మీ నోటుబుక్కు, ముగ్గు ఫొటో, అభ్యంతరాల కాగితం ఈ కమిటీల తీర్మానంతో కలిపి ఇస్తే, వట్టి దరఖాస్తు కన్నా దానికి బలం ఉంటుంది. నకలు మీద రసీదు ముద్ర వేయించుకోండి.

రోడ్డు మంజూరయ్యాక కాంక్రీటు పోసే రోజు పొద్దున ఆరింటికల్లా ఇద్దరు అక్కడ ఉండండి. కాంక్రీటు అంచును ఆపే ఇనుప ఫారాలు బిగించగానే స్తంభం మీది పెయింటు గీత నుంచి ఫారం పై అంచు దాకా టేపు పెట్టి, నోటుబుక్కులో రాసుకున్న అంకెతో పోల్చండి. ఫారం అంగుళం ఎత్తున్నా మిక్సర్ తిరగకముందే ఆపించి దించమనండి.